వేడినీళ్ళ దేశంలో వియ్యపురాళ్ళు

"అమ్మా, మీ ఇద్దరికీ ఐస్‌లాండ్ టూర్ బుక్ చేశాం. ఎయిట్ డేస్. నాన్ రిఫండబుల్" అని మా అమ్మాయి చెప్పినప్పుడు నేను చికాగో పక్కన అరోరాలో వాళ్ళింటి వంటింట్లో గోంగూర తుంచుతున్నాను. ఇద్దరికీ అంటే నాకూ మావారికీ అనుకున్నాను. కాదట. నాకూ మా వియ్యపురాలికీ అట. మగవాళ్ళిద్దరూ ఇంట్లో ఉండి, మనవణ్ణి సమ్మర్ క్యాంప్‌కి దింపి తెచ్చుకుంటారట. ఆడవాళ్ళిద్దరం ఏళ్ళ తరబడి వాళ్ళకి వండి పెట్టాం కాబట్టి ఇది మాకు కానుక.

"రూమ్?" అన్నాను.

"షేరింగ్."

గోంగూర అక్కడే వదిలేసి, అమ్మాయి చెయ్యి పట్టుకుని గరాజ్‌లోకి లాక్కెళ్ళాను. "అన్నీ తెలిసి ఎలా బుక్ చేశావే?" అని అడిగాను.

"తొమ్మిదేళ్ళు మేనేజ్ చేశావ్, ఎనిమిది రోజులు చెయ్యలేవా? బాత్‌రూమ్‌లో చేంజ్ చేసుకో" అంది. చెప్పడం తేలికే. తను పుట్టాక నేను పడిన పాట్లు తనకేం తెలుసు.

ఇక్కడ దాచడమెందుకు. నాకు బొల్లి ఉంది. ముప్ఫయ్యొకటో ఏట నడుము మీద కందిగింజంత మచ్చగా మొదలైంది. ముఖాన్నీ మణికట్టు దాటిన చేతుల్నీ కనికరించి వదిలేసి, చీర కింద, జాకెట్టు కింద ఎంత చోటుందో అంతా ఆక్రమించింది. అంటుకునేది కాదు, ప్రాణానికి ఏమీ కాదు అని డాక్టరు చెప్పాడు. డాక్టరు మాట డాక్టరుది, లోకం మాట లోకానిది. తెనాలి తపాలా ఆఫీసు కౌంటర్లో మే నెల ఎండల్లో కూడా పొడుగు చేతుల జాకెట్లతోనే రిటైరయ్యాను. మేడమ్ గారికి ఫ్యాషన్ ఎక్కువని తోటివాళ్ళు నవ్వేవారు. నేనూ కాస్త పొగరుగానే నవ్వి ఊరుకునేదాన్ని. పొగరనుకుంటే రెండో ప్రశ్న వెయ్యరు మరి.

మా అమ్మాయీ అల్లుడూ చికాగోలో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డారు. అబ్బాయివాళ్ళది కరీంనగర్. మాటలకని తెనాలి వచ్చారు. కాఫీలయ్యాక అబ్బాయి తల్లి, అంటే ఇప్పటి మా వియ్యపురాలు, సూటిగా అడిగేసింది. "ఏమనుకోకుండ్రి. మీ ఇండ్ల ఎవలకన్న పెద్ద బీమార్లేమన్న ఉన్నయా?"

"షుగరు తప్ప ఏం లేదండీ" అన్నాను, చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెంతో.

బొల్లి జబ్బు కాదని డాక్టరే అన్నాడు కాబట్టి నాది అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవలసి వచ్చిందంటేనే అబద్ధమని తెలిసినట్టు. పెళ్ళయ్యాక కరీంనగర్‌కి నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగుసార్లూ సాయంత్రం రైలుకే తిరిగొచ్చేశాను. అరోరాలో ఆర్నెల్లు ఆమె, ఆర్నెల్లు నేను ఉండేవాళ్ళం కాబట్టి గండం గడిచిపోయేది. ఈ టూర్ బుక్ చేసిన పోయిన వేసవిలో మాత్రం ఇద్దరం ఒకేసారి వచ్చిపడ్డాం. అందరికంటే ముందు లేచి, గడియ పెట్టుకుని స్నానం ముగించేదాన్ని. ఆమె ఊరందరితో కలకలలాడుతూ మాట్లాడే మనిషి, నాతో మాత్రం కొలిచినట్టు మాట్లాడేది. నాకు అదే మేలనిపించేది.

తెలిస్తే ఏమవుతుంది? ఇల్లు కట్టుకుని, పిల్లవాణ్ణి కని, స్థిరపడ్డ కాపురాన్ని ఎవరూ కూల్చలేరు. అది నాకూ తెలుసు. కానీ ఆమె నా కూతుర్ని చూసే చూపు మారిపోతుంది. మనవడికి నలుగు పెట్టిన ప్రతిసారీ వాడి ఒళ్ళంతా వెతుకుతుంది. నేను వెతికినట్టే. ఆ భయం ఒక్కటే పెట్టెలో అడుగున పెట్టుకుని విమానం ఎక్కాను.

ఐస్‌లాండ్ అంటే మంచు అనుకున్నాను. నిప్పుల కుంపటి మీద కూర్చున్న దీవి అని మొదటిరోజే తెలిసింది. ఒక పెద్ద బస్సు, ఇరవై ఎనిమిది మందిమి, అందరం ఇలినాయ్, టెక్సస్, అర్కన్సా వైపు నుంచి వచ్చిన మనవాళ్ళమే. గైడు ఆ దేశపు ఆవిడ, అరవై దాటినా నిటారుగా ఉండేది. మా స్కూలు డ్రిల్లు టీచరు గుర్తొచ్చింది నాకు. నల్లటి లావా మైళ్ళకొద్దీ పరుచుకుని, దానిమీద అరచెయ్యి మందాన ఆకుపచ్చటి నాచు. దానిమీద అడుగు వెయ్యొద్దని, ఒక్క అడుగు పడితే మళ్ళీ మొలవడానికి తరాలు పడుతుందని గైడు బతిమాలినట్టు చెప్పింది. మాలో ఒకాయన ఫోటో కోసం కాలు పెట్టబోతే నేనే కసిరాను. ఎందుకో ఆ నాచు మీద జాలేసింది.

మొదటి సాయంత్రం హోటల్లో మా వియ్యపురాలు స్నానానికి వెళ్ళి, రెండు నిమిషాల్లో ముక్కు మూసుకుని బయటికొచ్చింది.

"వదినా, గీ నీళ్ళల్ల గుడ్డు వాసనొస్తుంది. పైన ఎవలో గుడ్లు ఉడకవెట్టి నీళ్ళు ఇడిసిపెట్టిన్రు."

వాళ్ళింట్లో గుడ్డు గడప దాటి లోపలికి రాదు. నేను వెళ్ళి వాసన చూశాను. నిజమే, ఉడికిన గుడ్డు వాసనే. నేను గుడ్డు తినే మనిషినే అయినా ఆ నీళ్ళు ఒంటిమీద పోసుకోవడానికి తటపటాయించాను. ఆమె రెండు రోజులు చన్నీళ్ళతోనే చేసింది. ఆ దేశంలో చన్నీళ్ళంటే కరిగిన మంచు. మోకాళ్ళు పట్టేసి, మూడోరోజు బస్సు మెట్లు ఎక్కలేకపోయింది. అప్పుడు గైడు విషయం కనుక్కుని, నవ్వకుండా వివరించింది. వేడినీళ్ళు ఎవరూ కాచినవి కావని, భూమి లోపల నిప్పుల పక్కనుంచి కాగి వస్తాయని, ఆ వాసన గంధకానిదని.

నేను తెలుగులో చెప్పగానే మా వియ్యపురాలి ముఖం మారిపోయింది. "అంటె భూదేవి కాచిన నీళ్ళన్నట్టు" అంది. ఆ సాయంత్రం కుళాయి తిప్పి మొదటి దోసిలి నెత్తిన చల్లుకుంది. ఆ తరవాత ఆవిడకి వేడినీళ్ళంటే భక్తి.

ఇద్దరం ఒకే గదిలో ఉన్నా మా మధ్య మాటలు పెద్దగా లేవు. నేను బాత్‌రూమ్‌లో మార్చుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని బయటికొచ్చేదాన్ని. "పండేటప్పుడు సుత గదేనా?" అని ఒకసారి నా పొడుగు చేతుల వైపు చూసి అడిగింది. చలి అన్నాను. ఆమె అటు తిరిగి పడుకుంది. అయినా మంచి పూటలు లేకపోలేదు. అక్కడ గడ్డపెరుగు దొరుకుతుంది, గరిటె నిలబడేంత చిక్కన. టూరువాళ్ళు పెట్టిన అన్నంలో ఆ పెరుగు కలిపి, ఆమె తెచ్చిన ఊరమిరపకాయలు నంజుకుని, జలపాతం ఎదుట రాయిమీద కూర్చుని తిన్నాం. అంత తృప్తిగా తిన్న భోజనం ఆ ఏడాదిలో మరొకటి లేదు. ఆమె తన వాటా మిరపకాయల్లోంచి రెండు నా పళ్ళెంలో వేసింది. నేను థాంక్స్ అన్నాను, పరాయిదానిలా.

అయిదోరోజు ఉత్తరాన ఒక చిన్న ఊరు చేరాం. అక్కడ ఊరి జనమంతా వచ్చే వేడినీళ్ళ ఈతకొలను ఉంది. గైడు మా వియ్యపురాలి మోకాళ్ళు చూపించి, ఇందులో అరగంట కూర్చుంటే మందులక్కర్లేదని చెప్పింది. ఆవిడ ముందురోజు నుంచే సిద్ధం. నేను మాత్రం బస్సులో కూర్చుంటాననుకున్నాను. తీరా చూస్తే డ్రైవరుకి చట్టప్రకారం విశ్రాంతి సమయమట, బస్సుకి తాళం వేస్తాడట. బయట గాలివాన. పైగా మా వియ్యపురాలు నా కొంగు పట్టుకున్నంత పని చేసింది. "నేనొక్కదాన్నే ఎట్ల పోవాలె వదినా? నాకు ఇంగ్లీషు రాదు, కాళ్ళు రావు."

అయితే ఇలాంటిదేదో వస్తుందని ముందే అనుమానించి, నేనూ వట్టి చేతులతో రాలేదు. మా అమ్మాయి మా ఇద్దరికీ మెడ నుంచి చీలమండల దాకా, మణికట్ల దాకా కప్పే ఈత బట్టలు కొనిచ్చింది. అవి హోటల్లోనే తొడుక్కుని, పైన చుడీదార్ వేసుకుని బయల్దేరాను. అక్కడికి పోయాక పై బట్టలు విప్పడం, నీళ్ళలో దిగడం, తడి బట్టల మీద తువ్వాలు చుట్టుకుని బాత్‌రూమ్‌లో దూరడం. నా తెలివికి నేనే మురిసిపోయాను. పుష్కరాల్లో మా అమ్మా పిన్నులూ చీరలతోనే మునిగి, చీరల మీద చీరలు మార్చుకుని, ఒళ్ళు ఎవరికీ కనపడకుండా వచ్చేవారు కదా. ఆ విద్య నాకు రాదా?

రాదని ఆడవాళ్ళ గదిలో తెలిసింది. కొలనులోకి వెళ్ళే దారి స్నానాల గదిలోంచే. తలుపులూ తెరలూ లేవు, గోడ పొడుగునా జల్లు కుళాయిలు. గోడమీద మనిషి బొమ్మ, ఎక్కడెక్కడ సబ్బుతో కడుక్కోవాలో ఎర్రరంగుతో గుర్తులు. బట్టలన్నీ విప్పి, ఒళ్ళంతా రుద్దుకున్నాకే ఈత బట్టలు తొడుక్కోవాలి. నీళ్ళలో మందులు ఎక్కువ కలపరట, అందుకని ఆ నియమం. గైడు ఇదంతా బస్సులో చెప్పే ఉంటుంది. ఆ సమయానికి మేం చేగోడీల డబ్బా మూత రాక కుస్తీ పడుతున్నాం.

రబ్బరు చెప్పులేసుకున్న ఒక పెద్దావిడ అక్కడ కాపలా. చుడీదార్ మెడలోంచి ఈత బట్టలు కనపడుతూ, స్నానం చెయ్యకుండానే దాటబోతున్న నన్ను చూసి, తల అడ్డంగా ఊపి, బొమ్మ చూపించింది. మర్యాదగానే చూపించింది, కానీ కదల్లేదు. మన దగ్గర బట్టలతో మునగడం మర్యాద. ఇక్కడ అదే మురికి. నేను ఉద్యోగంలో నేర్చుకున్న గొంతుతో ఇంగ్లీషులో వాదించాను. ఆవిడ బొమ్మనే మళ్ళీ చూపించింది. అవతల మా గైడు ఒంటిమీద నూలుపోగు లేకుండా, బస్‌స్టాపులో నిలబడినంత నిబ్బరంగా సబ్బు రుద్దుకుంటోంది.

ఇంతలో మా వియ్యపురాలు, ఆ భక్తురాలు, "ఆడోళ్ళమే గద" అని అన్నీ విప్పేసి జల్లు కిందికి వెళ్ళిపోయింది. నేను వెనక్కి తిరిగాను. లాబీలో కూర్చుంటే సరి. ఎవరూ అడగరు, ఒకవేళ అడిగినా చలి అంటాను. రెండడుగులు వేశాను కూడా.

"వదినా, చెయ్యిస్తరా? జారుతుంది" అని పిలిచింది.

చూస్తే తడి నేలమీద గోడ పట్టుకుని ఆగిపోయింది. మోకాళ్ళు వణుకుతున్నాయి. పట్టుకోవడానికి వెళ్దామంటే కాపలావిడ బట్టలతో అటు అడుగు పెట్టనివ్వదు. గైడు ముఖమంతా సబ్బు నురగతో కళ్ళు మూసుకుని ఉంది. ఆ క్షణంలో ఆలోచించిందేమీ లేదు, ధైర్యమూ లేదు. ఆవిడ పడిపోతుందన్న కంగారు ఒక్కటే. చుడీదార్, దానికింద నా తెలివి, రెండూ విప్పి బెంచీ మీద పడేసి వెళ్ళి ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.

ఆమె చూసింది. భుజాలు చూసింది, నడుము చూసింది, ఆపైన నా ముఖం చూసింది. ఇద్దరం స్నానం చేశాం, ఈత బట్టలు తొడుక్కున్నాం, మెట్లు దిగాం. రెయిలింగ్ అందగానే ఆమె నా చెయ్యి వదిలేసి, ఆ చివరకి వెళ్ళి మెడదాకా నీళ్ళలో కూర్చుంది. నాకు వీపు చూపించి.

ఆ అరగంట సంగతి ఎలా చెప్పను. చుట్టూ ఆవిరి, పైన వాన, నీళ్ళు తల్లి ఒడంత వెచ్చగా ఉన్నాయి. ఒళ్ళు హాయి అంటోంది, మనసు చచ్చిపోతోంది. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకున్నాను. సాయంత్రానికి కొడుక్కి ఫోన్ చేస్తుంది. మా అల్లుడు మంచివాడు, ఏమీ అనడు. కానీ ఇకమీదట మా అమ్మాయి ఆవిడ ముందు ఒంగి ఒంగి ఉండాలి. అంతా నా వల్ల. ఒక్క మాట తొమ్మిదేళ్ళ క్రితం నిజం చెప్పి ఉంటే పెళ్ళి ఆగేదో జరిగేదో, ఈ దొంగ బతుకు మాత్రం ఉండేది కాదు.

ఎంతసేపటికో ఆమె నీళ్ళలోనే నడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. ముఖం ఎర్రగా ఉంది.

"నేనడిగిన్నాడే చెప్తె ఏమైతుండె?"

"సంబంధం పోతుందని భయపడ్డానండీ."

ఆమె కొంచెం ఆలోచించింది. "పోతుండెనేమో" అంది. "అప్పట్ల నాకు తెలివి లేదు. అబద్ధమెందుకాడాలె."

అంత సూటిగా ఒప్పుకునేసరికి నేను ఆమె వైపు తిరిగి కూర్చున్నాను.

"గని వదినా, తొమ్మిదేండ్ల సంది నేనేమనుకున్ననో ఎరికేనా? మా ఇంటికి నాల్గుసార్లొచ్చిన్రు. ఒక్కనాడన్న పండలే. తానం జెయ్యలే. నేను పెట్టిన చీర ఆడ కట్టుకోలే. మా ఇండ్ల నీళ్ళు సుత మీకు తక్కువైనయనుకున్న. తెనాలోళ్ళు గద, మా మాట మోటు, మా కట్టు మోటు అనుకుంటున్నరనుకున్న. మీ రైలు పోయినంక నేనెన్నిసార్లు ఏడ్చిన్నో మా ఆయన్నడుగుండ్రి."

నేను దాచుకున్నది ఆమెకి పొగరుగా కనపడుతుందని నాకు ఎన్నడూ తోచలేదు. ఊరందర్నీ అలా నమ్మించడం నాకు అలవాటే. ఈమె కూడా నమ్ముతుందని, నమ్మి బాధపడుతుందని ఆలోచించనే లేదు. నా మచ్చలే నాకు లోకమైపోయాయి. ఆమె తన ఇంట్లో నాకోసం చీర మడతపెట్టి, నీళ్ళు తోడించి ఎదురుచూసిందని అప్పుడు తెలిసింది. ఏడ్చాను, అందరూ చూస్తుండగానే. ఆమె చెయ్యి పట్టుకుని తప్పైపోయింది వదినగారూ అన్నాను. ఆమె అడగకముందే, పిల్లలకి రావాలనే నియమం లేదని, అలాగని రాదనీ ఎవరూ హామీ ఇవ్వలేరని కూడా చెప్పేశాను.

"వస్తె వస్తది. మనమిద్దరం లేమా, చూసుకోనీకి?" అంది. తరవాత మోకాళ్ళు చాపుకుని, "మస్తుంది వదినా, నొప్పే తెలుస్తలేదు" అని కళ్ళు మూసుకుంది.

నాకు ఆ కొలను మీద, ఆ వాన మీద, తాళం వేసుకుని పోయిన డ్రైవరు మీద, బొమ్మ చూపించి కదలకుండా నిలబడ్డ ఆ రబ్బరు చెప్పుల పెద్దావిడ మీద చెప్పలేనంత కృతజ్ఞత కలిగింది. ఆవిడ కాస్త మొహమాటపడి నన్ను వదిలేసి ఉంటే నేను ఎప్పటిలాగే గెలిచి, లాబీలో ఒంటరిగా కాఫీ తాగుతూ ఉండేదాన్ని.

బయటికి వెళ్ళేటప్పుడు మళ్ళీ అదే స్నానాల గది. ఈసారి నేను ముందే విప్పేశాను, కానీ అలవాటు ఎక్కడికి పోతుంది, గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. మా వియ్యపురాలు సబ్బు అరచేతిలోకి తీసుకుని, "అటు తిరుగుండ్రి, వీపు తోముత. మీ చెయ్యి అందదు" అంది. తిరగలేదు నేను. ఆమే భుజం పట్టి తిప్పింది.

ఆమె చెయ్యి మెడ దగ్గర మొదలై కిందికి వచ్చింది. మచ్చ ఉన్నచోటా లేనిచోటా ఒకే బరువుతో వచ్చింది. నడుం దగ్గర, అన్నిటికంటే పెద్ద మచ్చ ఉన్నచోట, ఒక్క క్షణం ఆగింది. ఇంతకాలంలో ఈ సంగతి తెలిసిన ప్రతివాళ్ళూ మొదట అడిగింది అంటుకుంటుందా అని, తరవాత పిల్లలకి వస్తుందా అని. మా అమ్మ కూడా అదే అడిగింది.

"నొస్తదా?" అంది ఆమె.

ముప్ఫయ్యారేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు.

"లేదు వదినగారూ, నొప్పి ఉండదు."

"అయితె గట్టిగనే తోముత" అంది.